మాతృభాషయుఁ బరభాషయు

మనుజుఁడు తల్లియొడిలో నేర్చిన భాషయందే గ్రంథరచన చేయవలెనను నియమ మెచ్చటను లేదు. పూర్వచరిత్రమును జూచితిమేని, ఇంటిభాష యొకటియు గ్రంథభాష మఱియొకటియునై యుండుట వింత గాదని తెలియును. జగన్నాథపండితరాయలు గోదావరీమండలమునకుఁ జెందిన తెలుఁగువాఁడు. ఆయన షాజహాను చక్రవర్తి కొలువునఁ బ్రసిద్ధిగాంచి రసగంగాధరమును సంస్కృతమున రచించెను. కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్యలు వ్రాసిన మల్లినాథసూరియుఁ దెలుఁగువాఁడే. వీరు తెలుఁగును విడిచి సంస్కృతమున వ్రాసిరని ఆ కాలమున నెవ్వరును నిందింపలేదు. ఏలయన, సంస్కృత మప్పటికి ఏ పండితునికిని ఇంటిభాష కాదు. కాశిలోనివాఁడును, కంచిలోనివాఁడును, కాశ్మీరములోనివాఁడును గూడ దానిని గురువునొద్ద వల్లించి నేర్చినవాఁడే. ఒకనికున్న సౌకర్యము వేఱొకనికి లేకపోవుట యను మాటయే పుట్టలేదు.

అయితే మఱియొక విధమైన పరభాషారచన కలదు. ఆ భాష వేఱొక జాతికి ఇంటిభాషయై యుండును. దానిని ఉగ్గుపాలతో నేర్చినవారే మన గ్రంథమును జదివి బాగోగులు నిర్ణయింతురు. ఇట్టి చోట రచయిత పని మిక్కిలి కష్టము. తప్పులు లేకుండ వ్రాయుట యొక యెత్తు. ఆ భాషలోఁ బుట్టినవాఁడు చదివి "ఇది మాది" యనుకొనునట్లు వ్రాయుట మఱియొక యెత్తు. పై తరగతుల విద్యార్థులు కొందఱు ఇంగ్లీషున చక్కని వ్యాసములు వ్రాయుచున్నారు. కవిత్వమునకుఁ బూనుకొన్నవారును లేకపోలేదు. ఏ భాషలో వ్రాయవలెనను ప్రశ్న వారికి వట్టి చర్చావిషయము కాదు. రాఁబోవు సంవత్సరముల శ్రమ యంతయు దానిపై నాధారపడియున్నది. కావున ఈ ప్రశ్నను తన జీవితమునే పణముగా నొడ్డి పరీక్షించిన యొక కవి చరిత్రమును గొంచెము విరివిగాఁ దెలుపుచున్నాను. ఆయన వంగకవియగు మైకేల్ మధుసూదనదత్తు. ఆయన కొన్ని సంవత్సరములు చెన్నపురిలో నివసించుటయే గాక, అచ్చటఁ దెలుఁగు నభ్యసించెను గూడ.

మధుసూదనుఁడు 1824వ సంవత్సరము జనవరి 25వ తేదిని జెస్సూరు మండలములో కపోతాక్షనదీతీరమునఁ గల సాగరదాఁడి యను గ్రామమున జన్మించెను. తండ్రి రాజనారాయణదత్తు న్యాయవాది, తల్లి జాహ్నవీదేవి. బాల్యమున తల్లివలనఁ గృత్తివాసుని రామాయణమును, కాశీరామదాసుని మహాభారతమును వినుచుఁ బెరిగెను. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుఁడు. ముందు దీనితోఁ బని యున్నది. పిదపఁ గలకత్తాలోని హిందూకళాశాలలోఁ జేరి, ఇంగ్లీషు కవిత్వమున నెంత మునిఁగిపోయెననఁగా, ఆంగ్లదేశమునకుఁ బోవక తనకు జన్మసాఫల్యము లేదని తలంచెను. బైరను ఆయనకు ఆరాధ్యుఁడు. చిన్నతనముననే ఇంగ్లీషున పద్యములు వ్రాసి లండనునందలి పత్రికలకుఁ బంపెను. తాను పుట్టిన భాష పల్లెటూరివారికే తగినదని ఆ కాలపు విద్యార్థు లనేకులు భావించుచుండిరి. ఈయనయు నట్లే భావించెను. 1843వ సంవత్సరమునఁ గ్రైస్తవమతమును స్వీకరించెను. తండ్రి కొంతకాలము ధనసహాయము చేసెను గాని, పిమ్మట నదియు నాగిపోయెను. అంతట నాయన కలకత్తా విడిచి, 1848వ సంవత్సరము నాఁటికి చెన్నపురి చేరి, అనాథబాలుర పాఠశాలలో నుపాధ్యాయుఁ డయ్యెను.

ఇచ్చటనే 1849లో "క్యాప్టివ్ లేడీ" యను ఇంగ్లీషు కావ్యమును ముద్రించెను. పృథ్వీరాజు కన్యాకుబ్జపు రాజపుత్రికను గొనిపోయిన కథ అందలి విషయము. కథ మన దేశమునకుఁ జెందినది; నడక మాత్రము బైరనుది, స్కాటుది. చెన్నపురిలోఁ గొంత మెప్పు వచ్చెను గాని, కలకత్తాలో దానిని మన్నించినవారు తక్కువ. పుస్తకము లమ్ముడుపోలేదు. ఆయన మిత్రుఁడు గౌరదాసు ఒక ప్రతిని బెత్యూను దొరగారికి సమర్పించెను. ఈ బెత్యూను విద్యాసంఘమునకు అధ్యక్షుఁడు. కలకత్తాలో బాలికలకొఱకు పాఠశాల నెలకొల్పిన యుదారుఁడు. ఆయన పుస్తకమును జదివి దాఁచక తన యభిప్రాయమును దెలిపెను: ఇంగ్లీషు చదువువలన నలవడిన రుచిని, శక్తిని ఈ యువకుఁడు తన సొంతభాషకు వినియోగించినచో దేశమునకు నెక్కువ మేలు చేయఁగలఁడని. ఒక ఇంగ్లీషుదొర ఇంగ్లీషు వ్రాయవలదని చెప్పుట చూడఁగా, అది మన భాషాభిమానులు చెప్పునట్టి మాట కాదు. ఆ భాషలోఁ బుట్టినవాఁడు చదివి, ఇందు లోపించిన దేదియో యెఱిఁగి చెప్పిన మాట.

లోపించిన దేమి? తప్పులు గావు. ఆయన ఇంగ్లీషున నెక్కువ తప్పులు పట్టుకొనుట కష్టము. నా యభిప్రాయ మేమనఁగా, ఆయన ఇంగ్లీషు పుస్తకములనుండి వచ్చిన ఇంగ్లీషు. ఆ భాషలో నాయన శైశవమున నేడువలేదు, అమ్మతోఁ గలహింపలేదు, అంగడివానితో బేరమాడలేదు. కాఁబట్టి ఒక పదమును దలంచినంతనే ఆయనకు స్ఫురించునది వస్తువు గాదు. ఆ పదమును మునుపు వాడిన కవి. అట్టి పదములతోఁ గట్టిన కావ్యము ఎంత నున్నగా నున్నను మఱియొకని యింటి సామానుతో నలంకరించిన గదివలెనే యుండును.

ఇంతలో ఆయనకు వేఱొక భయము కలిగెను. చెన్నపురిలో వంగభాష మాటలాడువారు లేరు. తన భాష తనకు మఱపునకు వచ్చుచున్నదని యెఱిఁగి, శ్రీరామపురమున నచ్చొత్తించిన రామాయణమును, భారతమును బంపుమని 1849లో గౌరదాసునకు వ్రాసెను. అనఁగా చిన్ననాఁడు తల్లి చదివి వినిపించిన గ్రంథములనే మరలఁ గోరెనన్నమాట. ఆ సంవత్సరముననే వ్రాసిన మఱియొక జాబులోఁ దన దినచర్యను దెలిపెను. ఉదయము ఆఱు మొదలు ఎనిమిది వఱకు హెబ్రీభాష. పిమ్మటఁ బండ్రెండు వఱకు పాఠశాల. రెండు వఱకు గ్రీకు. రెండు మొదలు ఐదు వఱకుఁ దెలుఁగును సంస్కృతమును. ఏడు వఱకు లాటిను. పది వఱకు ఇంగ్లీషు. ఇంత శ్రమయుఁ దన పూర్వుల భాష నలంకరించుటకే యని కూడ నా జాబులో సూచించెను. చెన్నపురిలో నా కాలముననే బ్రౌనుదొరగారు తమ తెలుఁగు–ఇంగ్లీషు నిఘంటువును సిద్ధపఱచుచుండిరి. అది 1852లో వెలువడెను. ఒక యాంగ్లేయుఁడు తెలుఁగు పదములను బోగుచేయుచుండఁగా, ఒక వంగీయుఁడు అదే నగరమునఁ దెలుఁగు పాఠములు వల్లించుచుండుట తలంపఁగా ముచ్చటగా నున్నది.

తండ్రి మరణించిన పిదప 1856లో మధుసూదనుఁడు కలకత్తాకు మరలి వచ్చి పోలీసు కచ్చేరీలో నుద్యోగమునఁ బ్రవేశించెను. వంగకవి యగుట కాయన ముహూర్తము పెట్టుకొనలేదు. 1858లో పాయికపాడా రాజులు బెల్గాఛియా తోఁటలో రత్నావళీనాటకమును వంగభాషలో నాడించిరి. ఇంగ్లీషు అతిథులకొఱకు దానిని ఇంగ్లీషులోనికి మార్చు పని యీయనకు లభించెను. ఆ పని చేయుచు, ఇంత స్వల్పమైన నాటకమునకు ఇంత ధనవ్యయ మేల యని యీసడించి, తానే యొక నాటకము వ్రాసెదనని పలికెను. మిత్రులు నవ్విరి. ఆయన యయాతికథను గైకొని "శర్మిష్ఠ" యను నాటకమును రచించెను. అది 1859లో వెలువడి రంగమెక్కెను.

పిదప ఛందస్సును గూర్చి వాదము వచ్చెను. వంగభాషలో "పయారు" అను ఛందస్సు ప్రసిద్ధము. పాదమునకుఁ బదునాలుగక్షరములు, ఎనిమిదింటిపై విరామము, రెండేసి పాదములకు అంత్యప్రాస. మాట ప్రతిపాదాంతమున నాగును. అర్థము రెండు పాదములతో ముగియును. పురాణము పాడుటకు నిది హాయిగా నుండును గాని, యుద్ధమునో, శోకమునో, దీర్ఘమైన సంభాషణమునో చెప్పవలసి వచ్చినపుడు గుఱ్ఱమునకుఁ గాళ్లు కట్టినట్లుండును. మిల్టను "ప్యారడైజు లాస్టు" కావ్యమున వాడిన ప్రాసరహితచ్ఛందస్సు వంగభాషకు సరిపడదని యతీంద్రమోహన ఠాకూరు వాదించెను. మన భాష సంస్కృతమునకుఁ గూఁతురు, దానికి సరిపడని దేదియు లేదని మధుసూదనుఁడు పంతము పట్టెను. కొలఁదికాలములోనే "తిలోత్తమాసంభవము" రచింపఁగా యతీంద్రమోహనుఁ డోటమి నంగీకరించి, 1860లో ముద్రణవ్యయమును దానే భరించెను. ఇది అమిత్రాక్షరచ్ఛందస్సు. పదునాలుగక్షరములు నట్లే యుండును, అంత్యప్రాస యుండదు, వాక్యము పాదాంతమును దాఁటి, తనకు వలసినచోట నాగును. మన వృత్తపద్యములందు వాక్యము పాదమును దాఁటి పాఱుట అనాదినుండియు నున్నదే కాన, తెలుఁగు చదువరులకు నిది గొప్పగాఁ దోఁపకపోవచ్చును. వంగదేశమున మాత్ర మది పెనుతుపాను.

1861లో వెలువడిన "మేఘనాదవధకావ్యము" తొమ్మిది సర్గముల గ్రంథము. ఇంద్రజిత్తు నికుంభిలలో నిరాయుధుఁడై పూజ చేయుచుండఁగా లక్ష్మణుఁడు ప్రవేశించి వధించిన కథ. కవి హృదయము లంకవైపుననే యున్నదని చదివినవారందఱు నెఱుఁగుదురు. దీనినిబట్టి ఆయనను నిందించినవారును గలరు. నేను చూపఁదలఁచినది వేఱు. ఇందలి కథ ఎచ్చటిది? తల్లి చెప్పిన కృత్తివాసరామాయణములోనిది. రాముఁడు యమలోకమున దశరథుని దర్శించు సర్గము ఎచ్చటిది? వర్జిలు, డాంటీ యను ఇటలీదేశపు కవుల చూపునుండి వచ్చినది. యుద్ధవర్ణనము హోమరునుండి, నడక మిల్టనునుండి వచ్చినవి. చెన్నపురిలో నుదయము నుండి రాత్రి పదివఱకుఁ జేసిన కృషి యంతయు నిచ్చట ఫలించెను. ఇంగ్లీషున వ్రాసిన కాలము వ్యర్థమనువారితో నే నేకీభవింపఁజాలను. ఆ కాలము లేనిచో నీ కావ్యము లేదు. ఆయన "క్యాప్టివ్ లేడీ" వ్రాయుట పొరపాటు కావచ్చును గాని, దానిని వ్రాయఁగల చదువు చదువుట పొరపాటు కాదు.

ఇంతవఱకుఁ జదివినవారు, మాతృభాషయందుఁ గాక యెవ్వఁడును గొప్పగా వ్రాయఁజాలఁడని నేను చెప్పుచున్నట్లు తలంపవచ్చును. అట్లు కాదనుటకు జోసెఫు కాన్రాడు సాక్ష్యము. ఆయన 1857లో, ఇప్పుడు యుక్రెయినులో నున్న బెర్డీచివునఁ బోలండుజాతివారికి జన్మించెను. ఆ దినములలోఁ బోలండు మూఁడు రాజ్యముల నడుమ భాగింపఁబడి, పేరునకుఁ గూడ లేకుండెను. తండ్రి కవి, షేక్స్పియరును, విక్టరు హ్యూగోను పోలిషు భాషలోనికిఁ దెచ్చినవాఁడు. రష్యాప్రభుత్వము ఆయనను భార్యాపుత్రులతోఁ గూడ దూరమునకుఁ బ్రవాసము పంపెను. పదునొకండేండ్ల వయస్సునకే కాన్రాడునకుఁ దల్లియుఁ దండ్రియు లేకపోయిరి. పదియాఱవయేట సముద్రముపై నాస పుట్టి మార్సేల్సు రేవు చేరి ఫ్రెంచి యోడలలోఁ బని చేసెను. 1878లో, ఇరువదియేండ్ల వయస్సున, ఇంగ్లండునందలి లోస్టాఫ్టు రేవున దిగునప్పటికి ఆయనకు ఇంగ్లీషు ముక్కలు మాత్రమే వచ్చును.

ఆయనకు ఇంగ్లీషు గురువు లెవరు? లోస్టాఫ్టునకును న్యూకాసిలునకును నడుమ బొగ్గు మోయు చిన్నయోడలోని కళాసీలు. తాడు పేరు తాడు చేతఁ బట్టుకొని నేర్చెను. గాలివాన పేరు గాలివానలోఁ దడియుచు నేర్చెను. ఆజ్ఞ యర్థము కాకపోయిన ప్రాణమునకే ముప్పు. ఇట్లు నేర్చిన భాషలోనే పరీక్షలు వ్రాసి 1886లో నౌకాధ్యక్షుని యోగ్యతాపత్రము నొందెను. 1889లో మొదలుపెట్టిన తొలినవలయొక్క వ్రాఁతప్రతిని కాంగో నదికి వెళ్లినపుడు వెంటఁబెట్టుకొనిపోయెను. "ఆల్మేయర్స్ ఫాలీ" యను నా గ్రంథము 1895లో వెలువడెను. "లార్డ్ జిమ్" 1900లోను, "నాస్ట్రోమో" 1904లోను వచ్చినవి. ఇంగ్లీషు నవలాకారులలో నాయన నగ్రశ్రేణియం దుంచుటకు నేఁడు సంకోచించువా రఱుదు. చిత్ర మేమనఁగా, 1924లో మరణించువఱకును ఆయన యుచ్చారణము పోలిషు యాస విడువలేదు. నాలుక లొంగలేదు, కలము లొంగినది.

తన్ను నిందించినవారు లేకపోలేదు. 1899లో పోలండునందు ప్రసిద్ధ నవలారచయిత్రియగు ఎలీజా ఓజెష్కోవా, ప్రతిభావంతులు దేశమును విడిచి పరభాషకు సేవ చేయుట యనుచితమని యాయనను గట్టిగా దూఱెను. దేశమే లేని జాతికి భాషయే దేశము. అట్టివారికిఁ గోపము వచ్చుట సహజమే. కాన్రాడు తరువాతి కాలమున దీనికి సమాధానము వంటి మాట యొకటి చెప్పెను: తాను ఇంగ్లీషును ఎన్నుకొనలేదనియు, అదియే తన్ను దత్తు చేసికొనినదనియు, ఇంగ్లీషున వ్రాయకున్నచోఁ దా నసలు వ్రాసియే యుండననియు. ఆ నింద ఆయనను జీవితాంతము బాధించినను, ఆ పలుకు నిజమనియే నాకుఁ దోఁచుచున్నది. ఆయన వ్రాయఁదలఁచిన సముద్రము, ఓడ, నావికులు, తూర్పుదీవులు, ఇవన్నియు నాయనకు ఇంగ్లీషులోనే సంభవించినవి. వానికిఁ బోలిషు పేర్లు ఆయనయొద్ద లేవు.

ఇచ్చటనే భేదము తేటపడుచున్నది. ఇరువురు ప్రతిభావంతులే, ఇరువురు పరిశ్రమశీలురే. ఒకఁడు పరభాషను గ్రంథాలయమున నేర్చెను. మఱియొకఁడు దానిలోఁ గూలి చేసి, ఆఁకలిగొని, అపాయములఁ దప్పించుకొని బ్రతికెను. రచనకు వలసినది జన్మచే వచ్చిన భాష యనుటకన్న, అనుభవము సంభవించిన భాష యనుట సరిగా నుండును. సామాన్యముగా నా రెండును ఒక్కటియే. కొందఱి విషయమున మాత్రము వేఱగును.

ఇటలీనుండి వచ్చిన బెస్కీపాదిరిగారి చరిత్రమును దీనినే బలపఱచుచున్నది. ముప్పదియేండ్ల ప్రాయమున దక్షిణదేశము చేరి, శేషజీవితమున నధికభాగమును దమిళుల నడుమనే గడపి, వీరమామునివరు అను పేరుఁ దెచ్చుకొని, "తేంబావణి" యను మహాకావ్యమును మూఁడువేల యాఱునూర్లకుఁ బైగాఁ బద్యములతో రచించెను. మన పరమానందయ్య శిష్యుల కథలను బోలిన పరమార్థగురుకథయు నాయనదే. తమిళలిపిలో హ్రస్వదీర్ఘములగు ఎకార ఒకారములను వేఱుపఱచు గుఱుతులను స్థిరపఱచినది గూడ నాయనయే యందురు. ఆ కష్టము అక్షరములు దిద్ది నేర్చిన పరదేశికిఁ గనఁబడినంతగా, పుట్టుకతో నెఱిఁగినవారికిఁ గనఁబడకపోవుట సహజము.

ఇఁక నొక సంగతి. పరభాష యనఁగానే మన మింగ్లీషునే తలంతుము. మన తరగతులలోఁ గూర్చున్న బాలబాలికలలో నింట నుర్దూ మాటలాడువారును, తమిళమో ఒరియాయో లంబాడీయో కోయయో మాటలాడువారును గలరు. వారికిఁ దెలుఁగే పరభాష. వారి తెలుఁగు వ్యాసములో నింటిపలుకు తొంగిచూచినపుడు నవ్వుట కొందఱికి వాడుక. అట్లు నవ్వువారు కన్నడదేశమువంక నొకసారి చూడవలెను. ధారవాడలోని దత్తాత్రేయ రామచంద్ర బేంద్రే యింటిభాష మరాఠీ, వీధిభాష కన్నడము. వీధిలోని యా కన్నడమును, జానపదుల యా నుడికారమునే గైకొని ఆయన కన్నడకవులలో నగ్రగణ్యుఁ డయ్యెను. 1973లో జ్ఞానపీఠపురస్కార మాయనకు లభించెను. 1983లో నదే పురస్కారము నందుకొన్న మాస్తి వేంకటేశ అయ్యంగారి యింటిభాష తమిళము. వీరిని బరాయివారని త్రోసిపుచ్చియుండినచోఁ గన్నడమే పేదయై యుండెడిది.

మధుసూదనుని కథ ముగింపవలసియున్నది. 1862లో న్యాయశాస్త్రము చదువుటకై ఆయన ఇంగ్లండునకుఁ బోయెను. చిన్ననాఁడు కలలుగన్న దేశమదియే. పిమ్మట కుటుంబముతో ఫ్రాన్సునందలి వెర్సేల్సునఁ జిక్కువడి, చేత ధనము లేక, అప్పులవారికి వెఱచుచుండఁగా, ఈశ్వరచంద్ర విద్యాసాగరుఁడు సొమ్ము పంపి యాదుకొనెను. ఐరోపాలో నుండి, ఐరోపా భాషలు చెవిని మ్రోఁగుచుండఁగా ఆయన వ్రాసినది వంగభాషలోనే. ఇటలీ దేశపు చతుర్దశపదిని వంగభాషకుఁ దెచ్చి, సాగరదాఁడి ప్రక్కఁ బాఱు కపోతాక్షనదిమీఁద నొక పద్యము చెప్పెను. 1865లో డాంటీ యాఱునూఱవ జయంతికై వంగభాషలోఁ బద్యము వ్రాసి, దానికి ఫ్రెంచి, ఇటలీ భాషలలో ననువాదములు చేర్చి ఇటలీరాజునకుఁ బంపెను. ఈ చతుర్దశపదుల సంపుటము 1866లో వెలువడెను. మరలి వచ్చి కలకత్తాలో న్యాయవాదిగాఁ గొంతకాలము పని చేసి, 1873వ సంవత్సరము జూను 29వ తేదిని దారిద్ర్యముతో నాసుపత్రిలో మరణించెను. ఆయన సమాధి కలకత్తాలో దిగువ సర్కులరు రోడ్డు శ్మశానవాటికలో నున్నది. దానిపైఁ జెక్కిన పద్య మాయన తనకొఱకుఁ దాను వ్రాసికొన్నది. దారిన బోవువానిని క్షణకాలము నిలువుమని కోరి, తన గ్రామము పేరు, కపోతాక్షనది పేరు, తండ్రి పేరు, తల్లి పేరు అందుఁ జెప్పికొనెను. ఆ పద్యము వంగభాషలో నున్నది.